ఆఫీసు ఫోన్ల కంపెనీ మారిందా? పాతది తిరిగిచ్చే ముందు ఈ పనులు చూసుకోండి

ఫీల్డ్‌లో తిరిగే ప్రభుత్వ సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఒక రోజు మెసేజ్ పడుతుంది. ఇప్పటిదాకా వాడిన ఫోన్లు సరెండర్ చేయాలి, ఈసారి వేరే కంపెనీవి వచ్చాయి, ఫలానా రోజు మండల ఆఫీసుకి వచ్చి తీసుకెళ్లండి అని. వెళ్తే బల్ల మీద డబ్బాల దొంతర, పక్కన ఒక రిజిస్టరు. ఆ చేత్తో పాతది ఇచ్చి ఈ చేత్తో కొత్తది పట్టుకుని సంతకం పెట్టి వచ్చేయడమే కదా అనుకుంటారు అందరూ. తర్వాత పనంతా నెత్తిన పడేది మాత్రం ఒక్కరికే, డిజిటల్ అసిస్టెంట్‌కో, కంప్యూటర్ ఆపరేటర్‌కో, లేదంటే "నీకు ఫోన్లు బాగా తెలుసు కదా" అని అందరూ తగిలించే ఆ ఒక్క కుర్రాడికో. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

మొట్టమొదటి సంగతి, పాత ఫోన్ ఆ రోజే ఇచ్చేయకండి. కొత్త ఫోన్ పట్టుకుని ఒక పూర్తి రోజు ఫీల్డ్‌లో నిజం పని చేసి చూశాకే పాతది అప్పగించాలి. ఒకటి రెండు రోజులు గడువు కావాలని పైవాళ్లని ముందే అడగండి, అడగనిదే ఎవరూ పిలిచి ఇవ్వరు. ఎందుకింత పట్టుదల అంటే ఫోటోలు, కాంటాక్టులు ఎలాగోలా కొత్త ఫోన్లోకి వచ్చేస్తాయి గానీ లాగిన్లు, సింక్ కాని (సర్వర్‌కి ఎక్కని) డేటా, ఫింగర్ డివైజ్ (వేలిముద్రల స్కానర్) సెట్టింగులు రావు, గొడవంతా వాటి దగ్గరే.

కంపెనీ ఎందుకు మారుస్తారంటే మన దగ్గర చాలావరకు జవాబు చిన్నదే, ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ జెమ్ పోర్టల్‌లో టెండరు, ఎవరి రేటు తక్కువైతే వాళ్లది. పెద్ద దేశాల్లో కారణాలు వేరేగా ఉంటాయి. అమెరికాలో ఇమిగ్రేషన్ అండ్ కస్టమ్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్లు 2012లో 17 వేలకు పైగా ఉద్యోగుల చేతుల్లోని బ్లాక్‌బెర్రీలు తీసేసి ఐఫోన్లు ఇవ్వాలని నిర్ణయించారు. ఒకప్పుడు ప్రభుత్వాఫీసు ఫోన్ అంటేనే బ్లాక్‌బెర్రీ అన్న దేశం అది. చివరికి 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీల సర్వీసులు ఆపేస్తూ, ఇక కాల్స్, మెసేజ్‌లు కూడా నమ్మకంగా పనిచేయవని ఆ కంపెనీయే చెప్పింది, కాబట్టి ముందే మారినవాళ్లు బతికిపోయారు. 2023లో రష్యా అధ్యక్ష కార్యాలయం తన అధికారులను ఐఫోన్లు వదిలేయమంది, అక్కడ కారణం నిఘా భయం. కారణం ఏదైతేనేం, కింద ఫోన్ పట్టుకుని పని చేసేవాడి తిప్పలు మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఇక పనిలోకి వద్దాం. ముందుగా ఫోన్ ఏ రోజు మార్చాలో చూసుకోండి. ఆంధ్రాలో సచివాలయం సిబ్బందికి చెప్పక్కర్లేదు, ఒకటో తారీఖు పింఛన్ల పంపిణీ, దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు ఫోన్ జోలికి వెళ్లకూడదు. ఏదైనా సర్వేకి ఆఖరి తేదీ దగ్గర్లో ఉన్నా అంతే. సిమ్ సంగతి ఇంకా జాగ్రత్త. పాత సిమ్‌నే తీసి కొత్త ఫోన్లో వేస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ సిమ్ పాడైందనో, సైజు సరిపోలేదనో, ఈసిమ్ కావాలనో అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకుంటే 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. మన నంబరుకి వేరేవాళ్లు దొంగగా సిమ్ తీసుకునే సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి టెలికాం శాఖ 2022లో పెట్టిన నియమం అది. ఎస్ఎంఎస్ లేదంటే ఓటీపీ లేదు, ఓటీపీ లేదంటే ఆ రోజు ఏ లాగిన్ కూడా తెరుచుకోదు. అందుకే సిమ్ మార్చాల్సి ఉంటే ఫోన్లు రావడానికి వారం ముందే ఆ పని కానిచ్చేయండి.

తర్వాత పాత ఫోన్లో డిపార్ట్‌మెంట్ యాప్‌లు ఒక్కొక్కటీ తెరవండి. సిగ్నల్ లేని ఊళ్లలో చేసిన సర్వేలు, తీసిన ఫోటోలు చాలా యాప్‌లలో ఫోన్లోనే ఉండిపోతాయి, సింక్ నొక్కితేనే సర్వర్‌కి వెళ్తాయి. స్మార్ట్ స్విచ్, ఎంఐ మూవర్, ఈజీషేర్ లాంటి కాపీ యాప్‌లతో అంతా వచ్చేస్తుందని నమ్మకండి, ఆ యాప్‌ల లోపల దాచిన డేటాని అవి ముట్టుకోలేవు, మహా అయితే యాప్ వస్తుంది, తెరిస్తే ఖాళీగా ఉంటుంది. కాబట్టి పెండింగ్ అని ఎక్కడ కనిపించినా అది సున్నా అయ్యేదాకా సింక్ చేసి, ఆ సున్నా కనిపించే స్క్రీన్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు "మీ క్లస్టర్‌లో ఇన్ని ఇళ్లు తగ్గాయేంటి" అని వీడియో కాన్ఫరెన్స్‌లో అడిగినప్పుడు చూపించడానికి అదొక్కటే ఉంటుంది మన చేతిలో.

సింక్ అయ్యాక లాగౌట్. చాలామంది యాప్ తీసేస్తే లాగౌట్ అయినట్టే అనుకుంటారు, కాదు. కొన్ని యాప్‌లు ఒక ఉద్యోగి ఐడీని ఒకే ఫోన్‌కి కట్టేస్తాయి. పాత ఫోన్లో పద్ధతిగా లాగౌట్ కొట్టకుండా రీసెట్ చేసేస్తే కొత్త ఫోన్లో "వేరే డివైజ్‌లో లాగిన్ అయి ఉన్నారు" అని మొండికేస్తుంది, అప్పుడు జిల్లా ఆఫీసులో ఎవరో తమ లాగిన్ నుంచి దాన్ని తీయాలి, వాళ్లు ఫోన్ ఎత్తాలి, సర్వర్ బాగుండాలి. రెండు అంచెల లాగిన్ ఉన్న ఆఫీసు మెయిల్‌కీ ఇదే లెక్క. కోడ్ ఇచ్చే యాప్ పాత ఫోన్లో పనిచేస్తుండగానే కొత్త ఫోన్ని చేర్చుకోవాలి. గూగుల్ ఆథెంటికేటర్ అయితే అందులోనే ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్ ఉంటుంది, పాత ఫోన్లో వచ్చే క్యూఆర్ కోడ్‌ని కొత్తదాంతో స్కాన్ చేస్తే చాలు.

ఇప్పుడు అసలు తలనొప్పి, ఫింగర్ డివైజ్. సామ్‌సంగ్ నుంచి వివో, ఒప్పో, రియల్‌మీ లాంటివాటికి మారిన చోటల్లా మొదటి రోజు ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది, డివైజ్ పాడైపోయింది సార్ అని. పాడవ్వలేదు. సామ్‌సంగ్‌లో స్కానర్ తగిలించగానే వెలుగుతుంది. వివో, ఒప్పో, రియల్‌మీల్లో చాలా మోడళ్లలో ఓటీజీ అనేది, అంటే ఫోన్‌కి బయటి డివైజ్ తగిలించుకునే సౌకర్యం, సెట్టింగ్స్‌లో మనమే ఆన్ చేయాలి. అక్కడితో అయిపోలేదు, పది నిమిషాలు వాడకపోతే దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. అంటే ఒక వీధిలో వేలిముద్రలు తీసుకుని పక్క వీధికి నడిచి వెళ్లేసరికి మళ్లీ డివైజ్ చచ్చిపోయినట్టు ఉంటుంది, ఇంటి ముందు అవ్వ వేలు చాపుకుని నిలబడి ఉంటుంది, మనం వైరు పీకి మళ్లీ గుచ్చుతూ ఉంటాం. సెట్టింగ్స్ పైన వెతికే చోట ఓటీజీ అని కొడితే వచ్చేస్తుంది. కొన్నిట్లో పైనుంచి కిందికి లాగే షార్ట్‌కట్లలో కూడా పెట్టుకోవచ్చు, ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

స్కానర్ వెలిగినా పని కాకపోతే, దాన్ని ఆధార్‌తో కలిపే ఆర్డీ సర్వీస్ యాప్ చూడండి. స్కానర్ ఏ కంపెనీదో ఆ కంపెనీ ఆర్డీ సర్వీస్ యాప్ కొత్త ఫోన్లో విడిగా వేసుకోవాలి, పాత ఫోన్లో ఎవరో ఎప్పుడో వేసి ఉంటారు కాబట్టి చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. మంత్రా కంపెనీ స్కానర్లలో పాత ఎంఎఫ్ఎస్100కి ఒక యాప్ ఉండేది, ఎంఎఫ్ఎస్110కి వేరే యాప్, డివైజ్ వెనక స్టిక్కర్ చదివి వేసుకోండి. మొదటిసారి తగిలించినప్పుడు యూఎస్‌బీ అనుమతి అడుగుతూ ఒక చిన్న పెట్టె వస్తుంది, కంగారులో క్యాన్సిల్ నొక్కేస్తారు. అందులో ఎప్పటికీ అనుమతించు అన్న టిక్కు పెట్టి ఓకే కొట్టాలి. వైరు కూడా ఒకసారి చూడండి, పాత ఫోన్‌ది మైక్రో పిన్, కొత్తది టైప్ సీ అయితే ఓటీజీకి పనికొచ్చే కన్వర్టరే కొనాలి. ముఖం చూపించే పద్ధతికి ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ కావాలి, వేశాక తెరుద్దామంటే దానికంటూ స్క్రీన్ ఉండదు, యాప్ రాలేదనుకుని మళ్లీ మళ్లీ వెతకొద్దు, మన డిపార్ట్‌మెంట్ యాప్ పిలిచినప్పుడే అది పైకి వస్తుంది.

అటు నుంచి ఇటు, అంటే వేరే కంపెనీ నుంచి సామ్‌సంగ్‌కి వస్తే ఇంకో రకం ఇబ్బంది. కొత్త మోడళ్లలో ఆటో బ్లాకర్ అని ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ప్లే స్టోర్ బయటి నుంచి తెచ్చుకునే యాప్ ఫైళ్లని, అంటే ఏపీకేలని, ఎక్కనివ్వదు. మన డిపార్ట్‌మెంట్ యాప్‌లలో కొన్ని ఏపీకేల రూపంలోనే వస్తాయి కాబట్టి సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపి, ఏపీకే వేసుకుని, మళ్లీ ఆన్ చేయండి. ఆ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకండి. ఏపీకే కూడా డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ నుంచే దించండి, ఏదో గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసినది వద్దు. ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అనే హ్యాకర్ల ముఠా 2022లో మన ప్రభుత్వ ఉద్యోగుల కోసమే కవచ్ అనే లాగిన్ యాప్‌కి నకిలీ ఇన్‌స్టాలర్లు తయారుచేసి వదిలింది, ఇవి ఊహించుకున్న భయాలేం కావు. ఇక ఆఫీసర్లలో ఎవరికైనా ఐఫోన్ ఇస్తే ముందే చెప్పేయండి, అందులో ఏపీకే ఎక్కదు, ఫీల్డ్ యాప్‌ల కోసం ఒక ఆండ్రాయిడ్ ఫోన్ పక్కన ఉంచుకోవాల్సిందే.

బ్యాటరీ సెట్టింగ్ కూడా చూడాలి. షావోమీ, వివో లాంటి ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తుంటాయి, దాంతో సింక్ మధ్యలో ఆగిపోతుంది, లొకేషన్ పట్టదు. ముఖ్యమైన యాప్‌లకి ఆటోస్టార్ట్ ఇచ్చి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు లేవు అన్నది ఎంచుకోండి. లొకేషన్ అడిగినప్పుడు ప్రిసైజ్ అన్నదే నొక్కండి, లేకపోతే హాజరు వేసే యాప్ మిమ్మల్ని ఆఫీసుకి కిలోమీటరు అవతల చూపిస్తుంది.

వాట్సాప్ అంత కష్టం కాదు. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి అయితే పాత ఫోన్లో చాట్స్ సెట్టింగ్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ ఉంటుంది, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి క్యూఆర్ స్కాన్ చేస్తే అయిపోతుంది, ఎవరి సొంత గూగుల్ డ్రైవ్ కూడా అక్కర్లేదు. ఐఫోన్‌కి వెళ్లేవాళ్లు మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో, అదీ కొత్త ఫోన్ మొదటి సెటప్‌లోనే చేసుకోవాలి. పనుల ఫోటోలని మాత్రం కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి దించండి, వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే లోపల ఉన్న లొకేషన్ వివరాలు పోతాయి, బిల్లు దగ్గర ఆ ఫోటో పనికిరాదు.

ఒక పూర్తి రోజు పని సాఫీగా అయ్యాక పాత ఫోన్ ఖాళీ చేయండి. మెమరీ కార్డు తీయండి, యూపీఐ యాప్‌ల నుంచి బయటికి రండి, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేసి, అప్పుడే ఫ్యాక్టరీ రీసెట్. వరస తప్పి, ఫోన్ తెరవకుండానే బటన్లు నొక్కి రీసెట్ చేస్తే తర్వాత తీసుకున్నవాళ్లని మీ పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పటికి మీకు బదిలీ అయిపోయి ఉంటుంది. ఐఫోన్ అయితే పోయిన ఫోన్‌ని వెతికే ఫైండ్ మై అనే సెట్టింగ్ ఆపాలి. రీసెట్ ఎందుకులే అని వదలకండి, వాట్సాప్ ఫోటోల ఫోల్డర్ ఒక్కసారి తెరిచి చూడండి, ఎంతమంది ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు ఉంటాయో మీకే అర్థమవుతుంది.

రిజిస్టర్ పని ఆఖర్న. రెండు ఫోన్లలోనూ *#06# కొట్టి ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు) చూడండి, డబ్బా మీదున్న నంబరుతో సరిపోలిందో లేదో సరిచూసి స్టాక్ రిజిస్టర్‌లో రాయించండి. అనుమానం ఉంటే కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు టైప్ చేసి 14422కి మెసేజ్ పెడితే ఆ ఐఎంఈఐ వివరాలు వస్తాయి. పాత ఫోన్ ఇచ్చేటప్పుడు స్క్రీన్ మీద గీతలు, పగుళ్లు ఏమున్నా అక్కడే రాయించి, అందినట్టు సంతకం, ముద్ర వేసిన కాగితాన్ని ఫోటో తీసుకోండి. చార్జర్, కేబుల్, పౌచ్ కూడా లిస్టులో ఉంటాయి, చార్జర్ ఎప్పుడో పోయి బయట కొన్నది వాడుతుంటే ఆ మాట కూడా ముందే రాసేయండి, రిటైర్‌మెంట్ అప్పుడు నో డ్యూస్ సర్టిఫికెట్ దగ్గర మూడు వందల చార్జర్ కోసం ఫైలు ఆగకుండా.