వీల్‌చైర్‌లో ఇంటి పని – 5వ పాఠం: వంటగదిలోకి

ఈ వారం వంటగదిలోకి వెళ్దామని పోయినసారి చెప్పాను. కానీ మీలో చాలామంది గడప దగ్గరే ఆగిపోయారు. ఇద్దరు వెనక్కి పడ్డారు కూడా. వాళ్ళ మెసేజ్‌లు చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను సరిగ్గా చెప్పి ఉంటే పడేవారు కాదు. కాబట్టి ముందు గడప సంగతి చూద్దాం.

గడపకి వాలుగా చెక్క వేయించుకోమన్నాను గానీ ఎంత పొడవో చెప్పలేదు. అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవు కావాలి. నాలుగంగుళాల గడపకి నాలుగడుగుల చెక్క. మీరు వేయించినవి అడుగున్నర, రెండడుగులు. అంత నిటారు చెక్క మీద గట్టిగా తోసుకుంటే ముందున్న చిన్న చక్రాలు గాల్లోకి లేస్తాయి, కుర్చీ వెనక్కి బోల్తా పడుతుంది. పడినవాళ్ళలో ఒకావిడ కుర్చీ వెనక పాప స్కూల్ బ్యాగ్ కూడా వేలాడుతోందట. వెనక పిడులకి ఏదీ తగిలించకండి. పిల్లలు అక్కడ పట్టుకుని ఊగినా అదే జరుగుతుంది. మనం కాళ్ళు పెట్టుకునే రేకుల మీద వాళ్ళు నిలబడితే కుర్చీ ముందుకు ఒరుగుతుంది. నేను హాస్పిటల్ నుంచి వచ్చేసరికి మా బాబుకి నాలుగేళ్ళు. నేను బ్రేకులు వేసి చేతులు చాపాకే వాడు నా ఒళ్లోకి రావాలని రోజూ చెప్పి అలవాటు చేశాం. నెల పట్టింది. దగ్గరికి రావద్దని మాత్రం ఎవరినీ అననివ్వలేదు.

దిగేటప్పుడు సాయం చేసేవాళ్ళు కుర్చీని వెనక్కి తిప్పి, మీ వీపు వైపు నుంచి మెల్లగా దింపాలి. సీతమ్మధారలో కొండవాలు అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకాయన సెల్లార్ ర్యాంప్ మీద ప్రాక్టీస్ చేస్తానన్నారు. అయ్యా, దయచేసి వద్దు. అది కార్ల కోసం పోసిన వాలు.

ఇక వంటగది. బ్రేకులు, అరగంటకోసారి ముందుకు వంగి సీటు మీద బరువు తగ్గించుకోవడం మీ ఫిజియో నేర్పే ఉంటారు, వాటి జోలికి పోను. నిలబడి వండే గట్టు సుమారు 33 అంగుళాలు ఉంటుంది. కూర్చుని వండితే మరిగే గిన్నె మన ఛాతీ ఎదురుగా వస్తుంది, కుక్కర్ ఆవిరి మొహానికి కొడుతుంది. మోకాళ్ళు కిందికి దూరేలా, అంతకన్నా తక్కువ ఎత్తున్న బల్ల ఒకటి వేయించుకోండి. దాని మీద నేనైతే ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటాను. మంట లేదు, చున్నీ అంటుకుంటుందన్న టెన్షన్ లేదు. గ్యాస్ మీద వండితేనే రుచి అనే మా అత్తయ్య కూడా ఇప్పుడు చోడి అంబలి దీని మీదే కాస్తున్నారు. గంజి వార్చడం మానేయండి, ఎసరు సరిపెట్టుకుని వండండి.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. వేడి గిన్నె ఒళ్లో పెట్టుకుని వెళ్ళడం. రెండు చేతులూ చక్రాల మీద ఉంటాయి కాబట్టి ఒడి ఖాళీగా కనిపిస్తుంది, మనకి తెలియకుండానే గిన్నె అక్కడికి వచ్చేస్తుంది. నేనూ అదే చేశాను. వెన్నుపూస దెబ్బ వల్ల నాకు నడుము కింద స్పర్శ సరిగ్గా లేదు. ఇంటికొచ్చిన రెండో నెలలో ఉప్మా గిన్నె ఒళ్లో పెట్టుకుని భోజనాల బల్ల దాకా వెళ్ళాను. గోరువెచ్చగా కూడా అనిపించలేదు. సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు అత్తయ్య చూశారు, తొడ మీద అరచెయ్యంత బొబ్బ. మానడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ నిలబడే వ్యాయామం ఆగిపోయింది.

మసిగుడ్డ వేసుకున్నాం కదా అంటారు. గుడ్డ వేడిని కాసేపు ఆపుతుంది, అంతే. తడిగా ఉంటే ఇంకా త్వరగా చర్మానికి చేరుస్తుంది. పీట పెట్టుకున్నాం అంటారు. గడప దగ్గర కుదుపుకి పీట జారుతుంది. నాకు కాలే కదా విరిగింది, స్పర్శ బాగానే ఉంది అంటారు. సాంబారు ఒలికితే మీకు వెంటనే తెలుస్తుంది, కానీ లేచి పక్కకి దూకలేరు. టీ గ్లాసు, ఇస్త్రీ పెట్టె, వేడెక్కిన ల్యాప్‌టాప్, వేడినీళ్ళ సంచి, అన్నీ ఇందులోకే వస్తాయి. మే నెలలో మన వైజాగ్‌లో మధ్యాహ్నం ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు కూడా. కాళ్ళ మీద పోసుకునే ముందు స్పర్శ ఉన్న చేత్తో చూసుకోండి. స్టవ్ మీద నుంచి దిగినది ఏదీ ఒళ్లోకి రాకూడదు.

మరి బల్ల దాకా ఎలా? మేం భోజనాలనే వంటగదిలోకి మార్చేశాం. నేను వండిన చోటే వడ్డిస్తాను, వాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఖాళీ పళ్ళేలు, మంచినీళ్ళు బాబు తెస్తాడు.

ఎప్పుడైనా కాలితే 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి. టూత్‌పేస్ట్ రాయొద్దు. స్పర్శ లేని చోట నొప్పి లేదంటే చిన్న గాయమని కాదు, డాక్టర్‌కి చూపించాల్సిందే.

ప్రాక్టీస్. స్టవ్ వెలిగించకుండా, గిన్నెల్లో చన్నీళ్ళు పోసి, పిల్లల లంచ్ బాక్స్ వంటంతా మొదటి నుంచి చివరిదాకా చేయండి. బియ్యం కడగడం, గిన్నె ఎక్కించడం, దించడం, బాక్స్ కట్టడం, అన్నీ. గిన్నె మీ ఒళ్లోకి వచ్చిన ప్రతిసారీ మీ పిల్లలు ఒక గ్లాసులో మినపగింజ వేయాలి. వరసగా మూడు రోజులు గ్లాసు ఖాళీగా ఉండేవరకు స్టవ్ వెలిగించకండి. నాకు పదకొండు రోజులు పట్టింది.

వచ్చే వారం బాత్రూమ్. ఆలోపు దాని తలుపు వెడల్పు, మీ కుర్చీ వెడల్పు చక్రాలతో కలిపి కొలిచి, ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో కూడా రాసి ఉంచండి.