దంతవైద్య కళాశాల ఎంపిక: పాతదా, కొత్తదా తేల్చుకునే ముందు చూడవలసినవి

నీట్ ఫలితాలు వచ్చి, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ప్రకటన వెలువడే రోజుల్లో, కావలిలోని మా క్లినిక్‌కు పంటినొప్పితో వచ్చేవారితో పాటు బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) సీటు గురించి అడగడానికి వచ్చే తల్లిదండ్రులూ ఉంటారు. పేరున్న పాత కాలేజీలో చేర్చాలా, భవనమూ పరికరాలూ కొత్తగా ఉన్న కాలేజీలో చేర్చాలా అన్నదే వారి ప్రశ్న. నేను చెప్పేది ఒక్కటే. దంతవైద్యం చేతిపని కనుక, కాలేజీ పుట్టిన సంవత్సరం కన్నా ఆ కాలేజీ ఆసుపత్రికి రోజూ ఎందరు రోగులు వస్తున్నారు, వారిలో ఎందరు మీ బిడ్డ చేతికి వస్తారు అన్నది ముఖ్యం. అయితే దానికన్నా ముందు చూడవలసింది కాగితం.

కొత్త కాలేజీ అంటే చట్టం దృష్టిలో ఏమిటో ముందు తెలుసుకోవాలి. 1948 నాటి దంతవైద్యుల చట్టంలో తరువాత చేర్చిన 10ఎ సెక్షన్ ప్రకారం కొత్త కాలేజీ పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి మొదట ఒక్క ఏడాదికే ఇచ్చి, తనిఖీలు చేస్తూ ఏటా పొడిగిస్తారు. మొదటి బ్యాచ్ చివరి సంవత్సరం పరీక్షలకు వచ్చిన తరువాతనే ఆ డిగ్రీకి పూర్తి గుర్తింపు వస్తుంది. అంటే అనుమతి వేరు, గుర్తింపు వేరు. ప్రవేశాల కరపత్రంలో ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడుతుంటారు, కాబట్టి మీరే విడదీసి అడగాలి. ఈ పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంత కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. కొత్త కాలేజీలకు అనుమతులు, కాలేజీలకు రేటింగులు చూసే పనిని అది ఒక ప్రత్యేక బోర్డుకు అప్పగించింది. చట్టం ఏదైనా, మీరు అడగవలసిన ప్రశ్న మారదు: ఈ కాలేజీ నుంచి బయటికి వెళ్లిన బ్యాచ్ పేర్లు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదయ్యాయా, లేదా?

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చదివినది అప్పట్లో కొత్త కాలేజీ. మేము రెండో సంవత్సరంలో ఉండగా అనుమతి పొడిగింపు రాకపోవడంతో మాకు జూనియర్లు రాలేదు, ఫీజుల రాబడి తగ్గింది, ఇద్దరు ప్రొఫెసర్లు వేరే కాలేజీకి వెళ్లిపోయారు. మరుసటి ఏడాదికి అంతా సర్దుకుంది, మా డిగ్రీలకు గుర్తింపూ వచ్చింది. కానీ ఆ పది నెలలు మా నాన్నగారు నిద్రపోయిన రాత్రులు తక్కువ. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే తండ్రులలో ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదు.

కాగితాల తరువాత, మన రెండు జిల్లాల వారు తప్పనిసరిగా పట్టించుకోవలసిన విషయం లోకల్ ఏరియా. పక్కపక్కనే ఉన్నా నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు లోకల్ అభ్యర్థులవే. అందువల్ల ఒంగోలులోనే చదివిన అమ్మాయికి రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న నెల్లూరు కాలేజీలో తాను నాన్‌లోకల్ అవుతుందని, విజయవాడ, గుంటూరు వైపు కాలేజీలలో లోకల్ అవుతుందని కౌన్సెలింగ్ దాకా తెలియకపోవచ్చు. పైగా మన వైపు పిల్లలలో చాలామంది పదో తరగతి సొంత ఊళ్లో చదివి, ఇంటర్మీడియట్‌కు నెల్లూరుకో విజయవాడకో వెళతారు. చివరి నాలుగేళ్ల చదువు ఒకే ప్రాంతంలో లేకపోతే, చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం చదివిన ప్రాంతాన్నే లెక్కలోకి తీసుకుంటారు. స్టడీ సర్టిఫికెట్లు ముందు పెట్టుకుని ఈ లెక్క తేల్చుకున్నాకే కాలేజీల జాబితా రాయండి. లేకపోతే దొరకని సీటు గురించి పాతదా కొత్తదా అని వాదించుకున్నట్టు అవుతుంది.

ఇక అసలు విషయమైన ఓపీ (రోజూ చికిత్సకు వచ్చిపోయే రోగుల విభాగం) దగ్గరికి వద్దాం. సెలవు కాని రెండు రోజులు, వేర్వేరు వారాలలో, ఉదయం తొమ్మిదిన్నరకు కాలేజీ ఆసుపత్రికి వెళ్లి, ప్రవేశాల గదిలో కాకుండా ఓపీ చీటీలు రాసే కిటికీ ఎదుట కూర్చోండి. ఒకే రోజు చూసి లెక్క కట్టవద్దు, ఎందుకంటే ఊళ్లలో శిబిరం పెట్టి బస్సులో రోగులను తెచ్చిన రోజున ఏ ఆసుపత్రి అయినా కిటకిటలాడుతుంది. పదకొండు గంటలకు లేచి, పన్ను తీసే విభాగంలోనూ కట్టుడు పళ్ల విభాగంలోనూ ఎన్ని చెయిర్ల మీద లైటు వెలుగుతోందో, ఎన్నిటి మీద ప్లాస్టిక్ తొడుగు తీయకుండా ఉందో తలుపు దగ్గర నిలబడి చూస్తే చాలు. కరపత్రంలో చెయిర్ల సంఖ్య ఉంటుంది గాని, వాటిలో కూర్చున్న మనుషుల సంఖ్య ఉండదు. పాత కాలేజీకి ఇక్కడ సహజంగా బలం ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లవారికి అలవాటైన ఆసుపత్రి కనుక, అమ్మమ్మకు పళ్ల సెట్టు కట్టించిన చోటికే మనవరాలిని కూడా తీసుకువస్తారు. ఆ నమ్మకం ఏర్పడడానికి ఏళ్లు పడుతుంది.

అయితే పాత కాలేజీలో రోగులు ఎక్కువగా ఉన్నంత మాత్రాన వారందరూ బీడీఎస్ విద్యార్థికి దక్కరు. ఎండీఎస్ అనే పీజీ సీట్లున్న కాలేజీలో కష్టమైన రూట్ కెనాల్, ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతం వంటి కేసులు పీజీల చేతికి వెళ్లడం మామూలే. విద్యార్థికి శుభ్రం చేయడం, చిన్న ఫిల్లింగులు, కదిలే పళ్లు తీయడం మిగులుతాయి. పీజీలు లేని కొత్త కాలేజీలో, రోగులు వస్తూ ఉంటే, హౌస్ సర్జన్‌కే (చదువు ముగించి ఏడాది శిక్షణలో ఉన్న ఇంటర్న్‌కే) ఎక్కువ పని దొరుకుతుంది. నా దగ్గర పనిచేసిన ఇద్దరు జూనియర్లలో, అంతగా పేరు లేని కొత్త కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి మొదటి వారంలోనే కింది దవడ దంతానికి మత్తుసూది తడుముకోకుండా ఇచ్చాడు. మంచి పేరున్న కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి పుస్తకం మొత్తం చెప్పగలిగినా సూది పట్టుకున్నప్పుడు వేళ్లు వణికేవి. ఆమె తెలివితక్కువది కాదు. ఆమెకు చేసే అవకాశం రాలేదు, అంతే. ఇద్దరినే చూసి సూత్రం కట్టలేము గాని, ఆ రోజు నుంచి నేను తల్లిదండ్రులకు ఒక ప్రశ్న నేర్పి పంపుతున్నాను: హౌస్ సర్జన్లను కలిసి, "మీరు సొంతంగా ఎన్ని రూట్ కెనాల్స్ పూర్తి చేశారు, ఎన్ని పూర్తి పళ్ల సెట్లు కట్టారు?" అని అడగండి. సంఖ్య వెంటనే చెప్పేవారు ఉంటారు, తల దించుకునేవారు ఉంటారు. ఆ హౌస్ సర్జన్ల జవాబు ముందు ప్రిన్సిపాల్ మాట కూడా అంత బరువైనది కాదు.

కొత్త కాలేజీ ఏ ఆసుపత్రిని ఆనుకుని ఉందో కూడా చూడాలి. మొదటి మూడేళ్లలో శరీర నిర్మాణం, ఫార్మకాలజీ, జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ కూడా చదవాలి కనుక, రద్దీగా నడిచే వైద్య కళాశాల పక్కనే ఉన్న దంత కళాశాలకు ఆ మేలు మొదటి రోజు నుంచే అందుతుంది. నెల్లూరు చింతారెడ్డిపాలెంలోని నారాయణ ప్రాంగణంలో వైద్య, దంత కళాశాలలు రెండూ ఉండడం దీనికి మన కళ్ల ముందున్న ఉదాహరణ.

మన ప్రాంతంలో చదవడంలో ఇంకొక మేలు ఉంది, దానిని చాలామంది గుర్తించరు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొట్టమొదట 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల బోరునీళ్లలో ఫ్లోరైడ్ నేటికీ సమస్యే. గోధుమరంగు చారలతో, గుంటలు పడిన పళ్లతో నవ్వడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పదిహేనేళ్ల పిల్లను చూసిన విద్యార్థి పాఠాన్ని మరచిపోడు. అందువల్ల కాలేజీ నెలకు ఎన్ని గ్రామ శిబిరాలు నిర్వహిస్తోంది, వాటిలో విద్యార్థులు పేర్లు రాసుకోవడంతో సరిపెడుతున్నారా, నిజంగా చికిత్స చేస్తున్నారా అని సామాజిక దంతవైద్య విభాగంలో అడగండి.

అధ్యాపకుల విషయంలో సంఖ్య కన్నా నిలకడ ముఖ్యం. మొదటి సంవత్సరం ల్యాబులో మైనపు దిమ్మను చెక్కి దవడ పన్ను ఆకారం తీసుకువస్తారు. కొన వంపు అర మిల్లీమీటరు తప్పినా, విద్యార్థి పక్కన కూర్చుని మళ్లీ చెక్కించే గురువు ఉంటేనే చెయ్యి కుదురుతుంది. అదే గురువు ఏడాదికి ఒకరు మారుతూ ఉంటే ఆ చెయ్యి కుదరదు. చివరి సంవత్సరం విద్యార్థిని "ఈ విభాగంలో మీకు మొదటి నుంచి చెప్పినవారు ఇంకా ఉన్నారా?" అని అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. స్టెరిలైజేషన్ గదిని కూడా ఒకసారి చూపించమనండి. పరికరాల కవర్ల మీద తేదీ రాసి ఉందో లేదో చూస్తే ఆ కాలేజీ క్రమశిక్షణ అర్థమవుతుంది.

ర్యాంకుల గురించి ఎక్కువ చెప్పను. 2020 నుంచి కేంద్ర విద్యాశాఖ ర్యాంకుల వ్యవస్థ అయిన ఎన్ఐఆర్ఎఫ్ దంత కళాశాలలకూ ర్యాంకులు ఇస్తోంది. అందులో పరిశోధన పత్రాలకు తూకం ఉంటుంది గాని, ఇంటర్న్ ఎన్ని పళ్లు తీశాడన్న లెక్క ఉండదు. ఫీజు అడిగేటప్పుడు ట్యూషన్ ఫీజుతో ఆగకుండా, పరికరాల కిట్టు, ల్యాబు సామగ్రి, హాస్టలు, బస్సు ఖర్చులతో అయిదేళ్ల మొత్తం రాయించుకోండి.

నెల్లూరు వారు చెన్నైలోని డీమ్డ్ విశ్వవిద్యాలయాల వైపు చూడడం సహజమే. వాటి సీట్లు మన రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఉండవు, ఢిల్లీ నుంచి మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) జరిపే కౌన్సెలింగ్‌లో ఉంటాయి. అక్కడి రోగి తన బాధను తమిళంలో చెబుతాడని, మూడో సంవత్సరం మొదలయ్యేలోగా ఆ భాష నేర్చుకోవాలని పిల్లలకు ముందే చెప్పండి.

ఇవన్నీ చూశాక కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టే క్రమం ఇలా ఉండాలని నా అభిప్రాయం. మీకు లోకల్ అయిన ప్రాంతంలోని ప్రభుత్వ దంత కళాశాల మొదట ఉండాలి: ఆంధ్ర ప్రాంతం వారికి విజయవాడ, వేంకటేశ్వర ప్రాంతం వారికి కడప. తరువాత గుర్తింపు పొంది, ఓపీ నిండుగా ఉన్న ప్రైవేటు కాలేజీలు, వాటిలో పాతా కొత్తా తేడా పెట్టకుండా, హౌస్ సర్జన్లు చెప్పిన సంఖ్యలను బట్టి. ఇంకా అనుమతి దశలోనే ఉన్న కాలేజీని, పక్కనే పెద్ద ఆసుపత్రి ఉండి, రెండు సార్లు వెళ్లినప్పుడూ బెంచీలు నిండి కనిపిస్తేనే జాబితాలో చేర్చండి, అదీ చివరన. చేరిన తరువాత మానేస్తే కట్టవలసిన సొమ్ము గురించి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఉన్న నిబంధనను ఆప్షన్లు సమర్పించే ముందు రోజే చదివి ఉంచుకోండి.