చెట్ల కత్తిరింపు, పాఠం 3: రంపం ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో ఏ కొమ్మ తీయాలో చూశాం. ఇప్పుడు దాన్ని ఎక్కడ కోయాలో చూద్దాం. చిత్తూరు వైపు తోతాపురి తోటల్లో కాయకోత అయిపోగానే కత్తిరింపులు మొదలవుతాయి కాబట్టి మామిడి చెట్టు దగ్గరే నిలబడి నేర్చుకుందాం.

కొమ్మ మానును కలిసే చోట చేత్తో తడిమి చూడండి. పైభాగంలో బెరడు ముడతపడి ఒక గీతలా ఉంటుంది, అడుగున కాస్త ఉబ్బు తగులుతుంది. ఆ ఉబ్బునే కాలర్ అంటారు. అందులో మాను కట్టె కూడా కలిసి ఉంటుంది, అందుకే దాన్ని ముట్టుకోకూడదు. రంపం దానికి సరిగ్గా బయట పడాలి. ఉబ్బును కోసేస్తే మాను లోపలికి పుచ్చు పాకుతుంది. అలాగని జానెడు మొండి వదిలినా అది ఎండి తెగులుకు దారి ఇస్తుంది.

మానుకు ఆనించి నున్నగా కోయాలని వాదించే పనివాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఒకప్పుడు అమెరికాలోనూ అదే పద్ధతి. అక్కడి అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను చైన్‌సాతో నిలువునా చీల్చి పరిశీలించారు. చెట్టుకు గాయం మానడం అనేది ఉండదనీ, దెబ్బతిన్న కట్టెను లోపలే గోడ కట్టినట్టు వేరుచేసి, పైన కొత్త కట్టె పెంచుకుంటుందనీ తేల్చారు. కాలర్ పోతే ఆ అడ్డు బలహీనపడుతుంది.

మణికట్టు కంటే లావు కొమ్మను ఒకే కోతతో తీయొద్దు. సగం తెగాక బరువుకు విరిగి, మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. ముందు మానుకు అడుగు దూరంలో, కింది నుంచి మూడో వంతు లోతు కోయండి. ఇంకాస్త బయటికి జరిగి పైనుంచి కోస్తే కొమ్మ పడిపోతుంది. మిగిలిన మొండిని చేత్తో పట్టుకుని, కాలర్ బయట నిదానంగా కోయండి.

కోసిన చోట బోర్డో పేస్ట్ పూయాలా? కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో చేసే ఈ పేస్టును మామిడికి పూయమని మన ఉద్యానశాఖ వాళ్లు చెబుతారు. పూతలు పుచ్చును ఆపలేవని షైగో వాదన. వానల్లో కోసిన మామిడికి కొమ్మ ఎండు తెగులు భయం ఉంటుంది కాబట్టి నేనైతే పూయమనే అంటాను. కోత తప్పితే మాత్రం ఏ పేస్టూ కాపాడదు.

తిరుపతి వీధుల్లో కరెంటు తీగల కింద చెట్ల తల నరికేయడం చూస్తూనే ఉంటాం. దయచేసి అది నేర్చుకోవద్దు. చెట్ల సంరక్షణకు అమెరికాలో పాటించే ప్రమాణం ఏఎన్‌ఎస్‌ఐ ఏ300 కూడా దాన్ని ఒప్పుకోదు. మొండి నుంచి గుంపుగా లేచే కొత్త రెమ్మలు పైపైనే అతుక్కుని ఉంటాయి, లావెక్కాక గాలికి ఊడిపడతాయి. ఎత్తు తగ్గించాలంటే, కోసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉన్న పక్క కొమ్మను చూసి, అక్కడిదాకా కోయాలి. ఒక్క ఏడాదిలో పచ్చాకు నాలుగో వంతుకు మించి తీయకూడదు.

ఈ వారం ఒక ఎండుకొమ్మ మీద మూడు కోతలూ సాధన చేయండి. ముదురు మామిడి తోటల పునరుద్ధరణకు పెద్ద కొమ్మలను మొండిగా నరుకుతారు కదా, అదీ తల నరకడమేనా అన్నది వచ్చే పాఠం.