స్పోర్ట్స్ డెస్క్ పాఠాలు – 7: ఎంపికైతే కుర్చీ ఎక్కినట్టు కాదు

ఆరో పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుందిగా. సుసానా డిన్నేజ్‌ను చీఫ్ ఎగ్జిక్యూటివ్‌గా ఎంపిక చేసినట్టు 2018 నవంబరు 13న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ ‘ప్రీమియర్ లీగ్’ చేసిన ప్రకటనకు ఇంట్రో, అంటే వార్త మొదటి పేరా, రాయమన్నాం. వచ్చిన కాపీల్లో ఎక్కువ భాగం ఒకే చోట బోల్తా కొట్టాయి: ‘ప్రీమియర్ లీగ్ చైర్మన్‌గా సుసానా డిన్నేజ్ బాధ్యతలు చేపట్టారు.’ ఏడు మాటల్లోనే రెండు తప్పులు. కాబట్టి ఈసారి అనుకున్న ఆటగాళ్ల ట్రాన్స్‌ఫర్ వార్తలు పక్కనపెట్టి ఇదే తేల్చుకుందాం.

పదవి సంగతి చిన్నది. అప్పటిదాకా ఉన్న రిచర్డ్ స్కుడమోర్ ఎగ్జిక్యూటివ్ చైర్మన్. చైర్మన్, చీఫ్ ఎగ్జిక్యూటివ్ రెండు పనులూ ఆయనవే. ఆయన వెళ్తుండగా వాటిని విడదీశారు. డిన్నేజ్‌కు ఇచ్చింది చీఫ్ ఎగ్జిక్యూటివ్ పని: ప్రసార హక్కులు అమ్మడం, 20 క్లబ్బులను ఒక మాట మీదికి తేవడం, రోజువారీ నడక. ఏ తీర్మానం గట్టెక్కాలన్నా 14 క్లబ్బుల ఓట్లు కావాలి గనక క్లబ్బులను ఒప్పించే పనే కష్టం. చైర్ అంటే బోర్డుకు పెద్ద, అంతే. 2022లో ఆలిసన్ బ్రిటెన్‌ను ఎంపిక చేసింది ఈ చైర్ పదవికి. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

అసలు గొయ్యి ‘చేపట్టారు’ దగ్గర ఉంది. నియామక వార్తకు రెండు తేదీలుంటాయి: ప్రకటించిన రోజు, పనిలో చేరే రోజు. మధ్యలో వారాలు, ఒక్కోసారి నెలలు. డిన్నేజ్ చేరాల్సింది 2019 మొదట్లో. 2018 డిసెంబరు చివర్లోనే, ఆమె ఆ పదవిలోకి రావడం లేదని లీగ్ చెప్పింది. అంటే ఆమె ఒక్క రోజు కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు. నవంబరులో ‘చేపట్టారు’ అని అచ్చేసిన డెస్క్ డిసెంబరులో ఏం రాస్తుంది? ‘రాజీనామా చేశారు’ అంటుంది. ‘నెలన్నరకే దిగిపోయారు’ అని హెడ్డింగ్ పెడుతుంది. ‘ఒత్తిడి తట్టుకోలేకే’ అని సబ్ హెడ్డింగ్ కూడా తగిలిస్తుంది. ఒక్క క్రియ తప్పితే మూడు అబద్ధాలు పుట్టాయి. చివరిదైతే మరీ అన్యాయం. 2019 అక్టోబరులో అదే పదవికి ఎంపికైన డేవిడ్ పెమ్సెల్ కూడా చేరకముందే నవంబరులో తప్పుకున్నారు. చివరికి తాత్కాలికంగా నడిపిస్తున్న రిచర్డ్ మాస్టర్స్‌కే డిసెంబరులో పదవి ఖాయమైంది. పెమ్సెల్ గురించి ‘తట్టుకోలేక’ అని రాస్తారా?

ఇలా ఉండాలి ఇంట్రో:

‘ప్రీమియర్ లీగ్ చీఫ్ ఎగ్జిక్యూటివ్‌గా యానిమల్ ప్లానెట్ చానల్ గ్లోబల్ ప్రెసిడెంట్ సుసానా డిన్నేజ్ ఎంపికయ్యారు. రిచర్డ్ స్కుడమోర్ స్థానంలో ఆమె 2019 మొదట్లో బాధ్యతలు చేపట్టనున్నారు.’

20 మాటలు. 25 దాటితే కోసేయండి. ముందు కోయాల్సింది విశేషణాలను, తేదీని కాదు. వయసు, పిల్లలు, చీర రంగు లాంటివి ఇంట్రోకే కాదు, కాపీకే అక్కర్లేదు. స్కుడమోర్ పిల్లల గురించి మనం ఎన్నడైనా రాశామా?

హెడ్డింగుకు నా వాడుక ‘పగ్గాలు’. సింగిల్ కాలమ్‌లో ఇమిడిపోతుంది. అయితే ‘డిన్నేజ్‌కు పగ్గాలు’ అనొచ్చు గానీ ‘డిన్నేజ్ చేతికి పగ్గాలు’ అంటే మళ్లీ చేరిపోయినట్టే.

‘తొలి మహిళ’ అనే ముందు ఏ లీగులో, ఏ పదవిలో అన్నది తేల్చుకోండి. జర్మనీ బుండెస్‌లిగాను నడిపే డీఎఫ్ఎల్‌కు డొనాటా హోప్ఫెన్ తొలి మహిళా సీఈవో. ఇది నిజం. ‘ఐరోపా పెద్ద లీగుల్లోనే తొలి మహిళ’ అంటే బోల్తా. ఫ్రాన్స్ లీగ్ ఎల్ఎఫ్‌పీ 2016 నవంబరులోనే నాథలీ బ్వా ద లా తూర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకుంది, 2020 దాకా ఆమె కొనసాగారు. అక్కడ రోజువారీ పని వేరే ఎగ్జిక్యూటివ్‌ది కాబట్టి ఆమెను సీఈవో అన్నా తప్పే. డిన్నేజ్‌నైతే ప్రీమియర్ లీగ్ ‘తొలి మహిళా చీఫ్ ఎగ్జిక్యూటివ్’ల లెక్కలో వేయనే కూడదు.

అభ్యాసం: హోప్ఫెన్ మీద మూడు ఇంట్రోలు. 2021 మేలో ఎంపిక ప్రకటన. 2022 జనవరి 1న క్రిస్టియన్ జైఫెర్ట్ స్థానంలో చేరిక. 2022 డిసెంబరులో, ఆ నెలాఖరుతో పరస్పర అంగీకారంతో తప్పుకుంటున్నట్టు ప్రకటన; ఆ తర్వాత తాత్కాలికంగా ఆక్సెల్ హెల్‌మన్, ఒలివర్ లెకీ. ఒక్కోటి 25 మాటల్లోపు, ఆ రోజుకు తెలిసిన సంగతులతోనే. మూడింటిలో ఏ క్రియా రెండోసారి రాకూడదు. మూడో దాంట్లో ‘రాజీనామా’ కనిపిస్తే కాపీ వెనక్కి వస్తుంది.