జర్మనీ కార్డుతో పక్క దేశాలకు వెళ్లే ముందు

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఉన్న భారతీయులకు షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోని మిగతా 28 దేశాలకు విడిగా వీసా అక్కర్లేదు. అయినా టికెట్టు కొనేముందు ఇవి చూసుకోండి.

• పాస్‌పోర్టు, కార్డు రెండూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి, తిరిగొచ్చే రోజు దాకా గడువు ఉండాలి. ఫోన్‌లో ఫొటో చెల్లదు. సరిహద్దు కనిపించకపోయినా తనిఖీ ఉంటుంది. సాల్జ్‌బర్గ్ నుంచి మ్యూనిక్ వచ్చే రైల్లో పోలీసులు ఎక్కి అడిగేది ఈ రెండే.

• కార్డు రెన్యువల్‌లో ఉందా? చేతిలో ఉన్న ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ కాగితంలో, అంటే కొత్త కార్డు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక పత్రంలో, ఏ గడిలో టిక్ ఉందో చూడండి. జర్మనీ నివాస చట్టం సెక్షన్ 81(4) అయితే పాత కార్డుతో కలిపి జర్మనీకి తిరిగి రావచ్చు. 81(3) అయితే దేశం దాటకండి, తిరిగి రానివ్వరు. 81(4) ఉన్నా పక్క దేశాల షికారుకు దాన్ని నమ్ముకోకపోవడమే మేలు.

• ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: 90 రోజులు దేశానికొకటి కాదు, జర్మనీ తప్ప మిగతా షెంగెన్ దేశాలన్నిటికీ కలిపి. వెళ్లిన రోజు, వచ్చిన రోజు కూడా లెక్కే. పాస్‌పోర్టులో ముద్ర పడదు కాబట్టి టికెట్లు, హోటల్ బిల్లులు దాచుకోండి.

• స్విట్జర్లాండ్, నార్వే ఈయూలో (యూరోపియన్ యూనియన్‌లో) లేవు, షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లాండ్ సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఈయూలో ఉంది, షెంగెన్‌లో లేదు. డబ్లిన్‌కు, లండన్‌కు వీసా వేరు.

• ఇటలీలో స్నేహితుల ఇంట్లో దిగితే 8 రోజుల్లోపు క్వెస్తూరాలో, అంటే అక్కడి పోలీసు కార్యాలయంలో, వచ్చినట్టు తెలపాలి. హోటల్లో దిగితే ఆ పని వాళ్లే చూస్తారు.

• ఈ వెసులుబాటు పక్క దేశాలు చూసి రావడానికే, అక్కడ ఉద్యోగం చేయడానికి కాదు.