బడ్జెట్ పత్రాలు చదవడం - 4వ పాఠం: అనుబంధ పద్దులు

గత పాఠం ద్రవ్య వినిమయ బిల్లు (ఖజానా నుంచి డబ్బు తీయడానికి సభ అనుమతి ఇచ్చే బిల్లు) దగ్గర ఆగింది. సభ ఒక పద్దుకు, అంటే ఒక శాఖ ఖర్చుకు అడిగిన మొత్తానికి, ఎంత ఇచ్చిందో అంతకు మించి సంఘటిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి పైసా తీయకూడదు. మరి ఏడాది మధ్యలో డబ్బు చాలకపోతే? ప్రభుత్వం మళ్లీ సభకు రావాలి. అప్పుడు అడిగేవే అనుబంధ పద్దులు. కేంద్రానికైతే రాజ్యాంగంలోని 115వ అధికరణం, రాష్ట్రాలకైతే 205వ అధికరణం. మళ్లీ పద్దులు, మళ్లీ ఓటు, మళ్లీ ద్రవ్య వినిమయ బిల్లు. చర్చ మాత్రం అదనంగా అడిగిన అంశాల వరకే. పాత పద్దులన్నీ తిరగదోడడానికి లోక్‌సభ నియమాలు ఒప్పుకోవు.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే: అనుబంధ పద్దుల పత్రంలో పెద్ద అంకె కనిపించినప్పుడు అందులో నిజంగా కొత్త డబ్బు ఎంతో విడదీయడం.

కరోనా ఏడాది, 2020 సెప్టెంబరులో కేంద్రం పెట్టిన మొదటి విడత అనుబంధ పద్దులు తీసుకుందాం. అడిగిన మొత్తం 2,35,852.87 కోట్ల రూపాయలు. పత్రికల శీర్షికకు ఈ అంకె చాలు, మనకు చాలదు. పెన్ను తీసుకుని మూడు ముక్కలు చేయండి.

మొదటిది నికర నగదు వ్యయం: 1,66,983.91 కోట్లు. ఖజానా మీద అదనంగా పడే భారం ఇదే. ఉపాధి హామీకి అడిగిన 40,000 కోట్లు ఈ విడతలోవే.

రెండోది 68,868.33 కోట్లు. శాఖల్లో మిగిలిన సొమ్ముతోనో, పెరిగిన రాబడి, వసూళ్లతోనో సరిపోయే భాగం. డబ్బు ఉన్నప్పుడు సభను అడగడం దేనికి? ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు మంత్రిత్వ శాఖ తనంతట తాను మళ్లించలేదు. ఒకే పద్దులోనైనా రెవెన్యూ భాగం (జీతాలు, నిర్వహణ లాంటి ఖర్చులు) నుంచి మూలధన భాగానికి (భవనాల లాంటి ఆస్తుల మీద ఖర్చు) మార్చకూడదు. కాబట్టి ఇక్కడ భారం పెరగదు గానీ ఓటు తప్పదు.

మూడోది 0.63 కోట్లు, అంటే 63 లక్షలు. చాలామంది దీన్ని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. నన్నడిగితే ముందు చదవాల్సింది ఇదే. అంశానికి లక్ష చొప్పున అడిగిన టోకెన్ (నామమాత్రపు) మొత్తం ఇది. బడ్జెట్లో ఊసే లేని కొత్త పని మొదలుపెట్టాలంటే, అదే పద్దులో మిగులు ఉన్నా సభ అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం లక్ష పేరు చెబుతారు. లక్ష వెనక అసలు ఖర్చు కోట్లలో ఉండొచ్చు. ఫుట్‌నోట్ చదివితేనే అది తెలుస్తుంది.

మూడూ కూడి చూడండి, పైసాతో సహా సరిపోతుంది. సరిపోకపోతే ఏదో వదిలేశారని అర్థం.

పత్రంలో ‘ఆగంతుక నిధికి తిరిగి జమ’ అని కనిపిస్తే అది ఇప్పటికే తీసి వాడేసిన సొమ్ము. 267వ అధికరణం కింద ఉన్న ఈ నిధి నుంచి అత్యవసరానికి ముందు తీసి, తర్వాత సభ ఆమోదంతో పూడుస్తారు. కేంద్రం దీన్ని 2021లో 500 కోట్ల నుంచి 30,000 కోట్లకు పెంచింది.

అనుబంధ పద్దు, అధిక వ్యయ పద్దు ఒకటి కావు. మొదటిది మార్చి 31 లోపు, ఖర్చుకు ముందు అడిగేది. రెండోది ఏడాది ముగిశాక, పరిమితి దాటినట్టు లెక్కల్లో తేలి, కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ అధికారి) ఎత్తిచూపి, ప్రజా పద్దుల కమిటీ (ఆ లెక్కలు చూసే సభ్యుల కమిటీ) పరిశీలించాక సభకు వచ్చేది. రెండు తెలుగు రాష్ట్రాల మీద కాగ్ నివేదికల్లోనూ క్రమబద్ధం కాని, అంటే సభ ఆమోదం ఇంకా పొందని అధిక వ్యయం గురించి ఉంటుంది. మన రాష్ట్రం పత్రాలు చదివేవారికి అసలు పని అక్కడే ఉంది. దాన్ని 5వ పాఠంలో విప్పుదాం.

అభ్యాసం: ఒక శాఖ రెవెన్యూ పద్దులో 20 కోట్లు మిగిలాయి. బడ్జెట్లో లేని కొత్త పథకానికి అదే పద్దు నుంచి 15 కోట్లు కావాలి. సభను ఎంత అడుగుతారు, అది పై మూడింట్లో ఏ ముక్కలో చేరుతుంది? అదే 15 కోట్లు భవన నిర్మాణానికైతే జవాబు ఎలా మారుతుంది?