ఖాళీ ట్యాంకు ఖాళీ కాదు: పాత ఆర్‌ఎక్స్ విప్పే ముందు

పోయిన నెల మా పక్క మండలంలో ఒక కుర్రాడికి కుడి చేతి వేళ్లు మూడు పోయాయి. ఎడమ కన్ను దక్కుతుందో లేదో డాక్టర్లు ఇంకా తేల్చలేదు. మేనమామ గారి పశువుల కొట్టంలో గోనెపట్టా కింద ఏళ్లుగా పడి ఉన్న యమహా ఆర్‌ఎక్స్100 బైకుని తెచ్చుకున్నాడు. గుండీల టైర్లు వేసి చెరువుగట్టు మీద ఉరికించాలని ముచ్చట. ట్యాంకు అడుగున చిన్న చిల్లి ఉంది. తుప్పు వదలడానికి లీటరు పెట్రోల్ పోసి గిలకొట్టి, ఒంపేసి, మేడ మీద రెండు రోజులు ఎండబెట్టాడు. తర్వాత గ్యాస్ వెల్డింగ్ పెట్టించడానికి తీసుకెళ్లి, కదలకుండా తనే పట్టుకుని నిలబడ్డాడు. "వాసన కూడా లేదన్నా, నేనే మూత తీసి చూశా" అని వాళ్ల తమ్ముడు నాతో అన్నాడు.

నేను మెకానిక్‌ని కాదు. ఇరవై ఏళ్లలో నాలుగు ఆర్‌ఎక్స్‌లు, ఒక యెజ్డీ ఇంటి వసారాలో విప్పి బిగించినవాణ్ణి. ట్యాంకు పేలిందన్న వార్త నా చెవిన పడటం ఇది మూడోసారి. మూడుసార్లూ తప్పు ఒకటే. సెలవుల్లో మళ్లీ కుర్రాళ్లంతా పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టుకుంటారు కాబట్టి రాస్తున్నాను. గ్లోవ్స్ వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి, చెప్పులతో కిక్ కొట్టకండి లాంటివి మీకు తెలుసు. వాటి జోలికి పోను.

ట్యాంకు

ఖాళీ ట్యాంకు ఖాళీ కాదు.

మండేది పెట్రోల్ కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటేనే అంటుకుంటుంది. తక్కువైతే మరీ పలచన, ఎక్కువైతే మరీ చిక్కన. నిండు ట్యాంకులో గాలికి చోటే ఉండదు, ఉన్న కాస్త చోటులోనూ ఆవిరి బాగా చిక్కగా ఉంటుంది. అదే ట్యాంకును ఒంపేసి మూత తీసి పెడితే ఆ చిక్కదనం తగ్గుతూ తగ్గుతూ సరిగ్గా పేలే మోతాదుకి వస్తుంది. మనం ఆరబెడుతున్నాం అనుకుంటాం. నిజానికి మందు కూరుతున్నాం.

ఆర్‌ఎక్స్ ట్యాంకులో పది లీటర్ల పైచిలుకు పడుతుంది. అంత చోటునీ పేలే గాలితో నింపడానికి రెండు మిల్లీలీటర్ల పెట్రోల్ చాలు. టీ చెంచాలో సగం కూడా కాదు. అది ఎక్కడ దాక్కుంటుందంటారా? ఫ్రేము మీద కూర్చునే సొరంగం లాంటి భాగానికి రెండు పక్కలా ఉండే మడతల్లో. అడుగు అతుకుల్లో. తుప్పు పొరల కింద. ఏళ్ల తరబడి పెట్రోల్ ఎండి పాకంలా పట్టిన జిగురులో. చల్లగా ఉన్నంతసేపు అది కదలదు, వాసనా ఇవ్వదు. మంట తగిలి రేకు వేడెక్కగానే దాక్కున్నదంతా ఒక్కసారి ఆవిరవుతుంది. ఆ మంట పక్కనే ఉంటుంది మరి.

నీళ్లతో కడిగాను అంటారు. పెట్రోల్ నీళ్లలో కలవదు, కడిగితే పోదు. సర్ఫ్ వేసి వేడినీళ్లతో నాలుగుసార్లు కడిగాను అంటారు. మంచిదే, తుప్పు పని మొదలుపెట్టడానికి అది సరిపోతుంది. వెల్డింగ్‌కి సరిపోదు. మా మేస్త్రి పాతికేళ్లుగా ఇలాగే పెడుతున్నాడు అంటారు. ఆ మేస్త్రి అదృష్టవంతుడు, అంతకుమించి దానికి అర్థం లేదు.

వెల్డింగ్ ఒక్కటే కాదు. ట్యాంకు సొట్ట తీయడానికి టార్చ్‌తో వేడి చేయడం, గ్రైండర్‌తో పాత పెయింట్ గోకడం, డ్రిల్లుకి వైర్ బ్రష్ తగిలించి మూత చుట్టూ రుద్దడం, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తుప్పు ఎంతుందో చూద్దామని లైటర్ వెలిగించి లోపలికి తొంగిచూసినవాణ్ణి నేను ఎరుగుదును. కనుబొమ్మలు మళ్లీ మొలిచాయి గానీ రెప్పల మీద మచ్చలు పోలేదు.

మరి ఏం చేయాలి? సూది బెజ్జాలైతే పెట్రోల్‌ని తట్టుకునే ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పెట్టండి. దానికి మంట అక్కర్లేదు. పెద్ద చిల్లు అయితే వేరే ట్యాంకు వెతకండి. ఆర్‌ఎక్స్‌కి ఇప్పటికీ కొత్త రేకు ట్యాంకులు దొరుకుతున్నాయి, డబ్బు పోతే పోయింది. కాదు, మా నాన్న ట్యాంకే ఉండాలి అంటారా, అతుకు పెట్టే చోటికి కాస్త కింద దాకా నీళ్లు నింపి ట్యాంకులు అతికే అలవాటున్న షాపుకే వెళ్లండి. అలా నింపితే లోపల ఆవిరికి చోటు దాదాపు ఉండదు. ముందే అడగండి: "నీళ్లు నింపుతారా?" "అవసరం లేదు, ఆరిపోయిందిగా" అన్నాడంటే అక్కడి నుంచి వచ్చేయండి. నింపుతానన్నా సరే మీరు దాన్ని పట్టుకుని నిలబడకండి, దూరంగా ఉండండి.

ఇప్పుడు మనకు దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం. అది గాలిలో తేమను లాక్కుంటుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ తడి అడుగుకి చేరి ట్యాంకును తినేస్తుంది. ముప్పై ఏళ్ల నాటి రబ్బరు పైపులు, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) వాషర్లు, కార్బొరేటర్ గాస్కెట్లు దీనికి ఉబ్బిపోతాయి, పగుళ్లిస్తాయి. బండి తెచ్చిన రోజే పైపు, వాషర్లు మార్చేయండి. పైపు నుంచి కారే చుక్క నేరుగా వేడి ఇంజిన్ మీద పడుతుంది.

ఆయిల్

రెండోది ఇంజిన్ పట్టేయడం. ఇది ఇంట్లో కాదు, రోడ్డు మీద పడేస్తుంది.

ఆర్‌ఎక్స్100 మన దగ్గరికి 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. అంటే చివరి బండికి కూడా ఈపాటికి ముప్పై ఏళ్లు. 98 సీసీ ఇంజిన్, పదకొండు గుర్రాల శక్తి, పిస్టన్‌కీ, అది ఆడే గొట్టానికీ (బోర్) మధ్య వెంట్రుక మందం సందు. ఆ సందులో ఆయిల్ పొర లేకపోతే పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, బోర్‌ని పట్టేస్తుంది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అరవై స్పీడులో ఉన్నారనుకోండి, మిగతాది మీరే ఊహించుకోండి.

ఆర్‌ఎక్స్ టూస్ట్రోక్ బండి, వేరే డబ్బాలోని ఆయిల్‌ని ఒక పంపు ఇంజిన్‌లోకి పంపుతుంది. ఆ పంపు విప్పితే దాని పైపులో గాలి చేరుతుంది. ఆ గాలి తీయకుండా బండి స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి వెళ్లేది గాలే. ఆయిల్ డబ్బా నిండుగా కనిపిస్తుంటుంది, లోపల బోర్ ఎండిపోతుంటుంది. గాలి తీయండి. తీశాక కూడా నమ్మకండి: మొదటి ట్యాంకు పెట్రోల్‌లో లీటరుకి 20 మిల్లీలీటర్ల చొప్పున టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ కలిపే పోయండి. పొగ వస్తుంది, రానివ్వండి. పంపునే పీకేసి పెట్రోల్‌లో కలిపి నడిపేవాళ్లు బంకులో తొందరలో ఒక్కసారి మర్చిపోయినా చాలు, బోర్ పోతుంది. లీటరుకి ఎంతో ట్యాంకు మూత మీద రాసి అంటించుకోండి.

క్రాంక్ (ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు) ఆయిల్ సీళ్లు పాతవి ఉంచకండి. నడవకుండా ఉన్న బండిలో అవి గట్టిపడతాయి. పగుళ్ల నుంచి గాలి లాగి, పెట్రోల్-గాలి మిశ్రమం పలచబడి, బండి తానంతట తానే రేజ్ అయిపోతుంది. ఆహా ఏం పికప్ అనుకుంటారు. అది పికప్ కాదు, పిస్టన్ కరగడానికి ముందు వచ్చే ఊపు. కార్బొరేటర్‌ని ఇంజిన్‌కి కలిపే ఇన్‌టేక్ రబ్బరు పగిలినా ఇదే కథ. మొదటి వంద కిలోమీటర్లు రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలి. ఇంజిన్ గొంతు మారిన క్షణమే క్లచ్ పట్టేయండి.

యాసిడ్

బాత్రూం యాసిడ్‌తో తుప్పు పోతుంది, నిజమే. రేకూ పోతుంది. యాసిడ్ ఇనుమును తినేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది పెట్రోల్ ఆవిరి కంటే తేలిగ్గా అంటుకుంటుంది. కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతిలోనూ వచ్చేది హైడ్రోజనే. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి ఒక రాత్రి ఉంచండి, ఇంటి పనికి అది చాలు. అయినా యాసిడే వాడతాం అంటే నీళ్లలో యాసిడ్ పోయండి, యాసిడ్‌లో నీళ్లు పోయకండి. బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి దాన్ని రానివ్వకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు.

కాస్టిక్ సోడా ఇనుప సైలెన్సర్‌లోని మసికే. అల్యూమినియం హెడ్, బ్యారెల్ అందులో నానబెట్టకండి. బుడగలు వస్తే శుభ్రమవుతోందని మురిసిపోతారు, అది లోహం కరగడం.

సైలెన్సర్ మసి వదిలించడానికి పెట్రోల్ పోసి అంటించడం మానండి. నేనూ చేశాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను. మంట రెండో చివర నుంచి మా చూరుకి తన్నింది. మా అమ్మ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

ఇక మిగతావి. వరస లేదు, గుర్తొచ్చినట్టు చెబుతాను.

ప్లగ్‌లో స్పార్క్ చూడటానికి ప్లగ్ విప్పి హెడ్‌కి ఆనించి కిక్ కొడతారు. పెట్రోల్ ఆవిరి ఆ ప్లగ్ రంధ్రం నుంచే చిమ్ముతుంది, స్పార్క్ దాని పక్కనే. కాక్ కట్టండి, ఇంజిన్ తడిసి ఉంటే ఆరనివ్వండి, రంధ్రానికి గుడ్డ అడ్డుపెట్టి ప్లగ్‌ని దూరంగా ఆనించండి.

పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతూ పోతుంది. మీ పని వసారాలో, మీ అమ్మ దీపం పక్క గదిలో. మధ్యలో గోడ ఉందని ధీమా పడకండి, తలుపు కింద సందు చాలు. ఫ్రిజ్, ఇన్వర్టర్, మోటార్ స్విచ్, దోమల కాయిల్, గ్యాస్ పొయ్యి, ఇవన్నీ దానికి అందేవే. పెట్రోల్ ఒంపే పని ఆరుబయటే చేయండి.

వాసన వస్తుంటే లైటు స్విచ్ వేయకండి. ఆపకండి కూడా. తలుపులు తీసి బయటికి రండి.

పెట్రోల్‌ని ప్లాస్టిక్ బకెట్‌లో పట్టకండి. మూత ఉన్న ఇనుప డబ్బాలో పట్టండి, గరాటుని డబ్బాకి ఆనించి పోయండి.

కూల్‌డ్రింక్ బాటిల్‌లో పెట్రోల్ పోసి గూట్లో పెట్టకండి. పిల్లలున్న ఇల్లు.

నోటితో పైపు పీల్చి పెట్రోల్ తీయకండి. ఊపిరితిత్తుల్లోకి చుక్క వెళ్లినా న్యుమోనియాలా పట్టుకుంటుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చేతులు పెట్రోల్‌తో కడుక్కోకండి.

షట్టర్ దించి ఇంజిన్ నడపకండి. నీలం పొగ కంటికి కనిపిస్తుంది. చంపే కార్బన్ మోనాక్సైడ్ కనిపించదు, వాసనా రాదు. తల తిరుగుతోందని తెలిసేసరికి కాళ్లు కదలవు.

పాత బ్రేక్ షూల పొడిని కాంప్రెసర్‌తో ఊదకండి. ఆ కాలం షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

హార్డెనర్ కలిపే పెయింట్ ఇంట్లో కొట్టకండి. మూతికి కట్టుకున్న కర్చీఫ్ దాని విషపు ఆవిరిని ఆపదు, మందుల షాపు మాస్కూ ఆపదు. పెయింటర్‌కి ఇచ్చేయండి. ఇస్తూ ట్యాంకు మీద టార్చ్ పెట్టొద్దని నోరు తెరిచి చెప్పండి.

థిన్నర్ గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. బయట పరిచి ఆరేయండి.

ఇంజిన్ బోర్ చేయించే లోపు బ్రేకులు చేయించండి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు.

చెయిన్ తిరుగుతుండగా గుడ్డతో తుడవకండి. ఈ పనికి వేళ్లు ఇచ్చుకున్న మెకానిక్‌లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వెళ్లి అడగండి.

మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి కొని చేతికందే చోట పెట్టండి. కనీసం రెండు బకెట్ల ఇసుక. పెట్రోల్ మంట మీద నీళ్లు కొట్టకండి, నీళ్ల మీద తేలుతూ మంట ఇల్లంతా పాకుతుంది.

ఒళ్లు కాలితే మామూలు నీళ్లు, ఇరవై నిమిషాలు, ధారగా. టూత్‌పేస్ట్ వద్దు, పసుపు వద్దు, ఇంకు వద్దు, ఐస్ వద్దు. 108కి ఫోన్ చేయండి. మంటలకి 101.

ఒంటరిగా చేయకండి.

రాత్రి పన్నెండింటికి చేయకండి.

మొదటి రైడ్‌కి వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.

ట్యాంకు తీసుకెళ్తే ఎవరో ఒకరు "చిన్న అతుకే కదా తమ్ముడూ, రెండు నిమిషాల్లో పెట్టేస్తా, ఖాళీదేగా" అంటారు. ట్యాంకు వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేయండి.